ముప్పై వేల బల్ల

ఢిల్లీరావు వేలి కణుపుతో బల్ల మీద రెండుసార్లు కొట్టి, చెవి ఆనించి విన్నాడు.

"ఇన్నావేటి ధనరాజు మావా! ఎలాగ పలుకుతందో సూడు. టేకు."

బల్లకి అవతలి పక్క అనిత జాకెట్టు గుడ్డ పరుచుకుని నిలబడి ఉంది. సుద్దతో మెడ గీసేసింది, ఇంకా సంకలు గీయాలి. బావగారు కొట్టిన దెబ్బకి టేపు జారి కిందపడింది. వంగి టేపు తీసుకుంది గానీ గుడ్డ మాత్రం తియ్యలేదు. తీస్తే గీత చెదిరిపోతుంది.

ఢిల్లీరావు ఆమెని అడక్కుండానే గుడ్డ అంచు మడిచి పక్కకి తోసి, బల్లని జానలతో కొలవడం మొదలుపెట్టాడు. ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లాక, లెక్క తప్పినట్టుంది, మళ్లీ మొదటి నుంచి కొలిచాడు.

"మా అయ్య ముప్పై వేలు పోసి కొన్నాడు. టెక్కలిలో దొరోరి ఇంటి బల్ల. కర్ర అరిగీదీ కాదు, తరిగీదీ కాదు. ఇంజినేటి? ఇనప ముక్క. ఉప్పునీల్లు తిని తిని లోపల గుల్లయిపోనాది. అయినా దానికీ నాను ముప్పయ్యే కడతన్నాను. రెండూ సమానం. తమ్ముడికి బల్ల, నాకు ఇంజిను. ఎవులికి ఎవులూ రూపాయి ఇయ్యక్కర్లేదు."

పోయిన వేసవిలోనే ఇల్లు మధ్య గోడతో రెండయింది. పగిలిన పాత తెప్పని అమ్మి అన్నదమ్ములిద్దరూ పంచుకున్నారు. వలలు కాటా వేసి పంచుకున్నారు. ఇక మిగిలినవి ఈ రెండే, బల్లా, ఆ తెప్ప ఇంజినూ. అనిత భర్త పోలారావే ఆ తమ్ముడు, గుజరాత్‌లో వెరావల్ బోటు మీద పనిలో ఉన్నాడు. ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడే.

ధనరాజు ఊళ్లో పంపకాలకి కూర్చునే పెద్దమనిషి. ఆయన గుమ్మంలోనే నిలబడి, తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "మన పద్దతి ఉంది గదరా. పెద్దోడు దర కడతాడు, సిన్నోడు కోరుకుంతాడు. ఆదివారం కూకుందుము. ఈలోగా నీ మొగుడితో మాటాడుకో అమ్మా."

"కోరుకోడానికేటుంది మావా!" ఢిల్లీరావు నవ్వాడు. "సూడు, ఆ బల్లని ఎలాగ పట్టుకుని నిలబడిందో."

అనిత రెండు చేతులూ నిజంగానే బల్ల మీద ఉన్నాయి. కిటికీలోంచి సముద్రపు గాలి కొడుతోంది. గుడ్డ ఎగరకుండా పట్టుకుంది, అంతే. కానీ ఆ మాట అన్నాక చేతులు తీసేయడమూ బాగోలేదు, ఉంచడమూ బాగోలేదు.

వాళ్లు వెళ్లిపోయాక సంకలు గీసింది. గీత వంకర పోయింది.

పోలారావు ఆ సాయంత్రం దొరికాడు. హార్బరులో ఉన్నాడు, వెనకాల ఐసు మరపట్టే చప్పుడు.

"రేపు యాటకెల్లిపోతన్నాం. మల్లీ ఒడ్డుకొచ్చీదాకా సిగ్నలుండదు. బేగి సెప్పు."

ఆమె చెప్పింది.

"అన్నతో గొడవెందుకే. బల్ల నీకు పనికొత్తాది గదా. రోజూ దాని మీదే కత్తిరిత్తావు. తీసీసుకో."

"మరి ఇంజిను? మనూర్లో ఉమామహేష్‌కి తెప్పుంది, ఇంజిను లేదు. నువ్వు ఇంజినేత్తే ఇంజినికో వాటా, నీకో వాటా అని నువ్వే గదా సెప్పినావు. ఇంటికొచ్చీ దారి అదొక్కటే అన్నావు."

"అన్నాను. ఏటి సేత్తాం. నాకిక్కడ అలవాటైపోనాది."

"ఆ బల్ల ముప్పై సెయ్యదు."

"సెయ్యదని నీకెవులు సెప్పారు?"

నిజమే, ఎవరూ చెప్పలేదు. బల్ల అసలు ధర తేలితే ఇంజిను తీసుకున్నవాడు తేడా ఇవ్వాల్సి వస్తుంది. ఆ తేడాతో భావనపాడు వైపు ఎక్కడో ఓ పాత ఇంజిను దొరక్కపోదు. బల్లా ఉంటుంది, మనిషీ వస్తాడు. అనిత పడుకుని ఇదే ఆలోచించింది. పొద్దున్నే అత్తకి కూడా చెప్పకుండా బల్లని నాలుగు వైపుల నుంచీ ఫోనులో ఫొటోలు తీసి, పలాస ఆటో ఎక్కింది.

కాశీబుగ్గలో దిగేసరికి జీడిగింజలు కాల్చిన వాసన రోడ్డంతా పట్టి ఉంది. పాత సామాన్ల కొట్టు కామేశ్‌ది. ముందు బీరువాలు, వెనక మంచాలు, వాటి మీద తిరగేసిన కుర్చీలు. లోపల మధ్యలో ఒక డైనింగు బల్ల ఉంది, ఎర్రటి పాలిషు, వంకీల కాళ్లు. ఇంట్లోదానికి తోడబుట్టినట్టుంది.

"రండి మేడమ్. డైనింగా? కూకోండి, కుర్చీ గట్టిదే." కామేశ్ చేతిలో గుడ్డతో బల్లని ఒకసారి తుడిచాడు. "ఇది ఓల్డు టేకు. ఇప్పుడు కొత్తది కొంటే లక్ష దాటిపోద్ది. మీరు మొదటి బోణీ, ఇరవై ఎనిమిదికి ఇచ్చెత్తాను."

అంటే బావ చెప్పింది నిజమేనా.

"నాను కొనడానికి రాలేదు. అమ్మితే ఎంతొత్తాదో తెలుసుకుందామని." ఫోను తీసి చూపించింది.

కామేశ్ గుడ్డ భుజం మీద వేసుకున్నాడు. ఫొటోని రెండు వేళ్లతో పెద్దది చేసి, ఒక మూల నుంచి ఇంకో మూలకి జరుపుతూ చూశాడు. ముఖం మారిపోయింది, కళ్లు కూడా చిన్నవయ్యాయి.

"ఆరు."

"ఆరేటి?"

"ఆరు వేలు. కుర్చీల్తో కలిపి. మీరే తెచ్చి ఇక్కడ దింపితే."

"ఇది, అది ఒకలాగే ఉన్నాయి గదా!"

"ఒకలాగే ఉన్నాయి. కానీ అది నా కొట్లో ఉంది, ఇది మీ ఇంట్లో ఉంది."

అతను వెక్కిరించడం లేదు. వాన పడుతోంది అని చెప్పినంత మామూలుగా చెప్పాడు. తర్వాత జాలేసినట్టు, కుర్చీ లాక్కుని కూర్చుని వివరించాడు. ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో ఇంత పెద్ద బల్లలు పట్టవు. అందరూ గ్రానైటు పలకవి, అద్దంవి అడుగుతున్నారు. తెచ్చి గీకించాలి, పాలిషు పెట్టించాలి, కుర్చీలకి కొత్త జాయింట్లు వేయించాలి, ఆర్నెల్లు కొట్లో జాగా ఇవ్వాలి. "ఇంకోటి, టేకో కాదో పై పాలిషు చూసి దేవుడు కూడా చెప్పలేడు. కింద చూడాలి. బల్ల కింద పాలిషెవరూ వెయ్యరు."

"అయితే ఆరే సేత్తాదని మా ఊరొచ్చి పెద్దల ముందు చెప్తారా? ఆటో కర్చులు నానిత్తాను."

కామేశ్ నవ్వేశాడు. "అమ్మడానికొచ్చినోళ్లు ఎక్కువ చెప్పమంటారు. తక్కువ చెప్పమన్నది మీరొక్కరే. అన్నదమ్ముల పంపకమా? నన్నొదిలీండి తల్లీ. రేపు మీ బావగారు పాత మంచం అమ్మాలన్నా నా కొట్టుకే రావాల."

పక్క వీధిలో ఇంకో కొట్టుంది. అక్కడివాడు ఎనిమిది అన్నాడు, తర్వాత ఊరి పేరు విని, అంత దూరం నుంచా, అయితే ఐదు అన్నాడు. రైల్వే గేటు దగ్గర వడ్రంగి ఫొటో వంక చూడను కూడా లేదు. "కర్ర ఫొటోలో సూసీది కాదమ్మా," అని తన రంపానికి తాను పదును పెట్టుకుంటూ ఉండిపోయాడు. చూడ్డానికి రమ్మంటే, కొంటావా, అమ్ముతావా అనడిగాడు. రెండూ కాదంటే, అయితే ఎందుకు అన్నాడు.

ఎందుకో అతనికి చెప్పాలంటే ఇంటి సంగతంతా చెప్పాలి. ఎండలో నిలబడి ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. ఒకే బల్లకి కొట్టుకో ధర. కొనేవాళ్లకొకటి, అమ్మేవాళ్లకొకటి. బావకి ఇంకొకటి. ఎవరి ధర వాళ్ల దగ్గర గట్టిగానే ఉంది. ఆమె దగ్గరే ఏ ధరా లేదు.

ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా ఫోను లైటు వేసుకుని బల్ల కిందకి దూరింది. ఇన్నేళ్లలో దాని కింద ఊడ్చింది గానీ తల పైకెత్తి చూసింది లేదు. పైన అద్దంలా మెరిసే ఎరుపంతా అంచు దగ్గరే ఆగిపోయింది. లోపల తెల్లటి కర్ర. అక్కడక్కడ సన్నటి కన్నాలు, వేలితో తడితే పిండిలా పొడి రాలింది. కాళ్లకి అడుగు నుంచి జానెడు ఎత్తు దాకా నల్లటి చారలున్నాయి, చాలాకాలం తడిలో నిలబడ్డట్టు. ఒక కాలు బల్లకి అతికే సందులో ఏదో ఎండిపోయి గట్టిగా పట్టేసి ఉంది. గోటితో గీకింది. అందులో గడ్డిపరకలు.

టెక్కలి దొరగారి భోజనాల బల్లకి గడ్డిపరకలేమిటో ఆమెకి అర్థం కాలేదు.

"కిందేటి సూత్తన్నావే?" గుమ్మంలోంచి అత్త దేముడమ్మ అడిగింది. ఒళ్లో చేట, చేటలో నెత్తళ్లు. తలకాయలు గిల్లి పక్కన పడేస్తోంది.

"సెక్క ఏటో సూత్తన్నానత్తా."

"దాని మీద తిన్నోడు కిందెప్పుడూ సూడలేదు," అంది దేముడమ్మ. మళ్లీ చేపల వైపు తిరిగింది.

మావగారు ఆ బల్ల కొన్న ఏడాదే అనిత ఈ ఇంటికి కోడలుగా వచ్చింది. ఆయన ఒక్కడే బల్ల దగ్గర కూర్చుని తినేవాడు. ఊళ్లో ఎవరింట్లోనూ లేదు, ఆయనింట్లో ఉంది. వీధి తలుపు తీసి ఉంచేవాడు, దారిన పోయేవాళ్లకి కనిపించేలా. చివరి రోజుల్లో చెయ్యి వణికినా అక్కడే తిన్నాడు. ఆయన పోయాక బల్ల మీద ఎవరూ తినలేదు. ఒకసారి అనిత ఒక గుడ్డ పరిచి కత్తిరించింది, ఎవరూ ఏమీ అనలేదు, అప్పటి నుంచి అది ఆమె పనిబల్ల అయింది.

మర్నాడు పూండిలో రైలెక్కి నౌపడాలో దిగి, అక్కడి నుంచి ఆటోలో టెక్కలి వెళ్లింది. దొర తారకేశ్వరరావు గారిల్లు అడిగితే చెప్పారు. అత్త ఒకప్పుడు ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఇదే రైల్లో, ఇదే ఇంటికి వచ్చేదని ఆమెకి తెలుసు. ఇంటి ముందు పెద్ద గేటు, లోపల ఎడమ పక్క పశువులశాల. ఇప్పుడు పశువుల్లేవు, కారు ఉంది.

ఆయన లేరు, పొలం వెళ్లారట. ఆయన భార్య సీతారత్నం వరండాలో ఉయ్యాల మీద కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది. అక్కుపల్లి నుంచి వచ్చాను, దేముడమ్మ కోడల్ని అనగానే ముఖం విప్పారింది.

"దేముడమ్మ కోడలివా? ఎన్నాళ్లయింది దాన్ని చూసి! నెత్తళ్లు దాని దగ్గర కొన్నట్టు మళ్లీ ఎక్కడా కొనలేదమ్మా. బాగుందా? కూర్చో, ఆ మెట్టు మీద నీడుంది."

అనిత మెట్టు మీద కూర్చుంది. తెరిచిన తలుపులోంచి లోపల గ్రానైటు పలక ఉన్న కొత్త బల్ల కనిపిస్తోంది. చుట్టూ ఎత్తైన కుర్చీలు. ఎలా అడగాలో రైల్లో అంతా కూడబలుక్కున్న మాట ఇప్పుడు రాలేదు. సూటిగా అడిగేసింది, "మా మావ మీ కాడ కొన్న బల్ల టేకేనా అమ్మా?"

సీతారత్నం చిక్కుడుకాయ విరవడం ఆపింది. తర్వాత నవ్వింది. చెడ్డ నవ్వు కాదు, ఎప్పటిదో సరదా గుర్తొచ్చినప్పుడు నవ్వే నవ్వు.

"అదింకా ఉందా! టేకెక్కడిదే. మామిడో, ఏదో. మా అత్తగారి హయాంలో పెళ్లిపనుల కోసం చేయించింది. కాలు ఊగుతుంటే పశువులశాలలో పడేశాం. దాని మీద దాణా తొట్టి పెట్టేవాళ్లు. మీ మావ ఒకరోజు దేముడమ్మని తీసుకెళ్లడానికొచ్చి దాన్ని చూశాడు. అమ్ముతారా బాబూ అనడిగాడు. మా వారు నవ్వులాటకి, ఏం, ముప్పై వేలిస్తావా అన్నారు." ఆమె చేత్తో తొక్కలు పక్కకి నెట్టింది. "మర్నాడు తువ్వాల్లో మూట కట్టి తెచ్చేశాడు. మేమే బిత్తరపోయాం."

"తీసుకున్నారా?"

"మరి ఇస్తే వద్దంటామా? వద్దంటే అతను చిన్నబుచ్చుకునేలా ఉన్నాడు. మా వారు పాలిషు మాత్రం మంచిది వేయించి పంపారు." కాస్త ఆగి, అనిత ముఖం చూసి, గొంతు తగ్గించింది. "ఏం, ఏమైనా గొడవా? ఎవరడిగినా ఉన్నమాట చెప్తాను. ఫోను నంబరు తీసుకో. నాకు దాపరికమేముంది."

అనిత నంబరు తీసుకుంది. సీతారత్నం మంచినీళ్లు ఇచ్చింది, ఓ సంచీలో చిక్కుళ్లు వేసి దేముడమ్మకివ్వమంది. గేటు దాటుతూ అనిత పశువులశాల వైపు చూసింది. గోడకి జానెడు ఎత్తు దాకా నల్లటి చారలు అలాగే ఉన్నాయి.

రైల్లో కిటికీ పక్కన కూర్చుంది. రెండు పక్కలా జీడితోటలు పూత మీద ఉన్నాయి. కావలసింది దొరికింది. ఆదివారం ధనరాజు చేతికి ఫోనిస్తే చాలు, ఆవిడ నవ్వుతూ అంతా చెప్పేస్తుంది. పశువులశాల, దాణా తొట్టి, నవ్వులాట, తువ్వాల్లో మూట. ఊరంతా వింటుంది. అత్త కూడా గుమ్మంలో కూర్చుని వింటుంది.

మావగారు పెరుగన్నం కలుపుకుంటూ వీధిలో వెళ్లేవాళ్లని, "రండ్రా, కూకోండి, కుర్చీ ఉంది," అని పిలవడం ఆమెకి గుర్తొచ్చింది. ఎవరూ కూర్చునేవారు కాదు. నిలబడే ఉండేవారు. అదే ఆయనకి కావాలి.

పోలారావుకి ఫోను చేసింది. అందుబాటులో లేరు అంది ఓ ఆడగొంతు. మళ్లీ చేసింది. ఆ ఆడగొంతు అదే మాట గుజరాతీలో కూడా చెప్పింది. అనితకి ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ధర కట్టేది బావ, పద్ధతి చెప్పేది ధనరాజు, సముద్రంలో ఉండేది మొగుడు. నిజం మాత్రం తనొక్కత్తే మోసుకు తిరగాలి.

ఇంటికొచ్చి చిక్కుళ్లు ఇచ్చింది. దేముడమ్మ సంచీలోకి చూసి, ఎక్కడివని అడగలేదు. ఒక కాయ తీసి విరిచి వాసన చూసింది. రోజూ చేసినట్టే తడిగుడ్డతో బల్ల తుడిచింది, ముందు పైన, తర్వాత నాలుగు అంచులూ, చివర్న కాళ్లు. కాళ్లు తుడిచేటప్పుడు కింద దాకా వంగింది.

"అత్తా," అంది అనిత.

"ఏటి?"

"ఏటీ లేదు."

ఆదివారం వీధిలోనే చాప పరిచారు. ధనరాజుకి కుర్చీ వేశారు, బల్ల తాలూకు కుర్చీల్లో ఊగనిది. సముద్రానికి వెళ్లి వచ్చిన వాళ్లు నలుగురైదుగురు వచ్చి గోడవారన కూర్చున్నారు. ఢిల్లీరావు ఉతికిన లుంగీ కట్టుకున్నాడు. అతని భార్య నూకరత్నం మధ్యగోడ మీంచి చూస్తోంది. ఇంజినుని గోనెసంచీ మీద పడుకోబెట్టి అందరికీ కనిపించేలా పెట్టారు. బల్లని బయటికి తేలేదు. వీధి తలుపు తీసి ఉంచితే కనిపిస్తూనే ఉంది.

ఢిల్లీరావు నిలబడి మాట్లాడాడు. "మా అయ్య నోరు కట్టుకుని కొన్న బల్ల. కోనాం సేపలు దొరికిన ఏడాది అందరూ బంగారం కొన్నారు. మా అయ్య మాత్రం దొర ఇంటి బల్ల కొన్నాడు. ముప్పై వేలు! బేరం ఆడలేదు. దొర అడిగినాడు, మా అయ్య ఇచ్చీసినాడు. ఈ ఊర్లో అలాటి మొగోడు మరొకడున్నాడేటి?"

"లేడు," అన్నాడు గోడవారన ఒక ముసలాయన. "ఉన్నమాట సెప్పాల. రాజులాగ కూకునీవోడు."

"అలాటి బల్లకి నాను ఒక్క రూపాయి తగ్గించను. తగ్గిత్తే మా అయ్యని తగ్గించినట్టే."

అనిత కొంగు చాటున ఫోను పట్టుకుని ఉంది. సీతారత్నం నంబరు మీద బొటనవేలు. నొక్కితే చాలు. గుమ్మం వైపు చూసింది. దేముడమ్మ మోకాలు పైకెత్తుకుని కూర్చుని, కొడుకు మాటల్ని వింటోంది. ముఖంలో ఏమీ లేదు. చేయి మాత్రం గడపని తడుముతోంది, దుమ్ముందేమో చూస్తున్నట్టు.

అనిత ఫోను తెర ఆర్పి జాకెట్టులో పెట్టుకుంది.

"పెద్దోడు కట్టినాడు," అన్నాడు ధనరాజు. "బల్ల ముప్పై, ఇంజిను ముప్పై. ఇప్పుడు సిన్నోడి పెళ్లాం కోరుకోవాల. అడగడం నా దర్మం కాబట్టి అడుగుతన్నాను. ఏటి తల్లీ, బల్లే గదా?"

అందరూ లేవడానికి సిద్ధంగా ఉన్నారు. ఒకాయన అప్పుడే తువ్వాలు దులుపుకుంటున్నాడు.

"ఇంజిను," అంది అనిత.

గొంతు తనకే వినపడలేదనిపించి, మళ్లీ అంది. "ఇంజిను మాకియ్యండి మావా."

ఢిల్లీరావు ఆమెని మొదటిసారి నేరుగా చూశాడు. "ఓలమ్మా! జాకెట్లు ఇంజిను మీద కత్తిరిత్తావేటి?"

గోడవారన నవ్వారు. ఆమె నవ్వు ఆగేదాకా ఊరుకుంది.

"మావ కొన్న బల్ల పెద్దకొడుకింట్లో ఉండాల. అది ముప్పైకి తక్కువ కాదు, బావ సరిగ్గానే కట్టినాడు. నాను సూది పని సేసుకునీదాన్ని, సాప మీదైనా కత్తిరించుకుంతాను."

"మొగోడు లేని ఇంటికి ఇంజినెందుకే?"

"ఇంజినుంటే మొగోడొత్తాడు."

ఢిల్లీరావు ధనరాజు వైపు తిరిగాడు. "మావా, అది కాదు. బల్లకి కుర్చీలు ఊగుతన్నాయి గదా. పురుగు కూడా పట్టినట్టుంది. నాను ముప్పై అన్నది ఏదో అయ్య మీద..."

"ఇప్పుడే గదరా అన్నావు, రూపాయి తగ్గిత్తే అయ్యని తగ్గించినట్టని?" ధనరాజు కుర్చీలోంచి లేచాడు. లేస్తూ కుర్చీ వెనకభాగం పట్టుకుని ఒకసారి ఊపి చూశాడు. "ఇదీ నీదే. తీసుకెల్లు."

ఆ మధ్యాహ్నమే బల్ల మోసుకెళ్లారు. తలుపులోంచి అడ్డంగా రాక, నిలువుగా తిప్పి, వంకీల కాళ్లు ఒక్కోటీ బయటికి తీశారు. గడప మీద ఎర్రపాలిషు గీసుకుపోయింది. గోడకి అవతల నూకరత్నం గొంతు సాయంత్రం దాకా వినిపిస్తూనే ఉంది. "మంచమెక్కడేత్తావు? నన్ను దాని మీద తొంగోమంతావేటి? రేపే ఎవులికో అమ్మీ." ఢిల్లీరావు ఏదో అన్నాడు. "ఆరు వేలా? ఆరు వేలని ఎవులన్నారు? కాశీబుగ్గలోనా?" అని ఆమె మరింత గట్టిగా అరిచింది.

అనిత గెలిచినట్టేమీ లేదు. బల్ల ఉన్నచోట ఇప్పుడు ఇంజిను ఉంది, గోనెసంచీ కప్పుకుని. గదంతా కిరసనాయిలు వాసన. కుట్టాల్సిన గుడ్డలన్నీ మూట కట్టి దండెం మీదికెక్కించినా ఆ వాసన వాటిలోకి పాకుతోంది. నేల మీద చాప వేసుకుని మోకాళ్ల మీద కూర్చుంటే, గుడ్డ ఒక పక్క లాగితే ఇంకో పక్క ముడత పడుతోంది. చాప అల్లిక మీద సుద్ద గీత ఎగుడుదిగుడుగా పోతోంది. నడుము అప్పుడే పట్టేసింది. ముందున్నది ఎవరిదో పెళ్లి జాకెట్టు, పట్టుది, ఒకసారి కత్తెర పడితే మళ్లీ తిరిగి రాదు. పోలారావు ఫోను ఇంకా అందుబాటులో లేదు. ఒడ్డుకొచ్చాక ఏమంటాడో తెలీదు. అన్నతో ఎందుకు పెట్టుకున్నావంటాడేమో.

విసుగొచ్చి టేపు విసిరేసింది. అది వెళ్లి ఇంజినుకి తగిలింది.

దేముడమ్మ వచ్చి ఎదురుగా చాప మీద చతికిలబడింది. పట్టు గుడ్డ రెండు కొసలూ చెరో చేత్తో పట్టుకుని తన వైపు లాగింది. ముడత పోయింది.

"కత్తిరించు."

అనిత సుద్ద తీసుకుంది. మెడ గీసింది. ఈసారి గీత నిలిచింది. కత్తెర అందుకుంది.

"బల్ల పోనాదని బాదగా ఉందా అత్తా?"

"బాదేటి?" దేముడమ్మ పట్టు వదలకుండానే ముక్కు భుజానికి రుద్దుకుంది. "కింద కూకుని తింతే నానూ ఆడి పక్కన కూకుని తినీదాన్ని. బల్లొచ్చిన కాడ్నుంచి ఆడు తిన్నంతసేపూ నాను నిలబడే ఉన్నాను. కూర ఎయ్యి, నీల్లు పొయ్యి, ముల్లు తియ్యి. మోకాల్లు పోనాయి."

అనిత కత్తెర ఆగింది. "మావ అంత డబ్బు పోసి..."

"పోసినాడు." ముసలామె మధ్యగోడ వైపు చూసింది. గొంతు తగ్గించలేదు, పెంచలేదు. "టెక్కలిలో ఆటో మీదికెక్కించే ముందు దాని పేడ కడిగింది నానే."

గుడ్డ కొసల్ని ఇంకొంచెం బిగించి పట్టుకుంది.

"కానీ. పొద్దు గూకిపోతంది. కత్తిరించు."